నాలుగు నిమిషాల కర్రసాము

హైదరాబాదు వెళ్ళి చార్మినారు చూడకుండా వచ్చినవాణ్ణి మా అమలాపురంలో బహుశా నేనొక్కణ్ణే. గోలకొండా చూడలేదు. సాలార్జంగు గారి గడియారమూ చూడలేదు. నాలుగు రోజులు నారాయణగూడ, అశోక్‌నగర్, చిక్కడపల్లి మధ్యనే తిరిగి, నాలుగు నిమిషాల కర్రసాము చూసి వచ్చాను. ఇది చెబితే స్టాఫ్ రూములో నవ్వారు. నవ్వనివ్వండి. చార్మినారు రేపైనా ఉంటుంది. నేను చూడబోయింది సోమవారం దాటితే ఉండదన్నారు.

ముందు నా జబ్బు గురించి రెండు మాటలు. నేను డ్రాయింగు మాస్టారిని. స్టంటు చిత్రాల పాటల పుస్తకాలు, కరపత్రాలు పోగుచేస్తాను. కుస్తీలు, కత్తిసాములు, కర్రసాములు ఉన్న పాత చిత్రాలు మాత్రమే. భక్తి చిత్రాలు, ఏడుపు చిత్రాలు నాకు పడవు. నా తోటి మాస్టార్లు వీటిని ముష్టి చిత్రాలంటారు. నేనూ అదే అంటాను, పిడికిలి బిగించి.

ఈ ముష్టిలో నాకు దొరకని మెతుకు ఒకటుంది. పన్నెండో ఏట మా ఊరి డేరా సినిమాలో ‘పుల్ కా పహిల్వాన్’, అంటే వంతెన వస్తాదు, అనే హిందీ చిత్రం చూశాను. అందులో ఒక తెల్లమీసాల ముసలాయన కర్రతో వంతెన మీద నిలబడతాడు. కత్తులు పట్టుకుని ఆరుగురు వస్తారు. ఆరుగురినీ పడగొడతాడు. ఆ తర్వాత చెల్లాచెదురైన వాళ్ళ చెప్పులన్నీ ఏరి, ఎవరి జత వాళ్ళ పక్కన పెడతాడు. ఒక చెప్పు ఏట్లో పడిపోయి ఉంటుంది. తన చెప్పొకటి విప్పి ఆ లోటు పూడ్చి, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు వట్టిగా వెళ్ళిపోతాడు. అంతే. ఇరవై రెండేళ్ళుగా నేను ఇది చెప్పని మనిషి లేడు.

నాలాంటి జబ్బు మనుషులం ఉత్తరాల మీద ఒకరికొకరం తెలుసు. వారిలో గుంతకల్లు హనుమంతరావుగారు ఆ చిత్రం మూడుసార్లు చూశారట. కార్డు ముక్క మీద రాశారు: “మీరు వర్ణించిన పోరాటము ఆ చిత్రమున లేదు. మీరు కల్పించి చెప్పుచున్నారు.” కార్డు కదా, పోస్టుమాన్ చదివాడు. బళ్ళో ప్యూను చదివాడు. చివరికి నేను చదివాను. ఆ రోజునుంచి నన్ను వెనకాల ‘వంతెన మాస్టారు’ అంటున్నారు. ఎదురుగా అనేవాళ్ళు కూడా మొదలయ్యారు.

అలాంటి వేళ, మా ఉత్తరాల మనుషుల్లో ఎవరి ద్వారానో నా సంగతి విని, అశోక్‌నగర్‌లో ఉండే సత్తయ్య అనే రిటైరైన సినిమా ఆపరేటరు రాసిన ఉత్తరం వచ్చింది. “వంతెన, కర్ర, చెప్పులు – నా కాడ ఉన్నయి. ఆదివారం లోపల వస్తే చూడొచ్చు. సోమవారం ఫిలింలకెళ్ళి వెండి తీసేటోడు వచ్చి డబ్బాలన్నీ ఎత్తుకపోతడు.”

పాత ఫిలిం కడిగితే కాస్త వెండి వస్తుంది. వెండితెర వీరులందరూ చివరికి ఆ గంగాళంలోకే చేరతారు.

“గొడవలు జరిగిన ఊరికి, కొట్లాట చూడ్డానికి వెళతారా?” అంది మా ఆవిడ. నేను పెట్టె సర్దుకుని, రీలు కోసం రైలెక్కాను.

నారాయణగూడ: మొదటి పొరపాటు

ఆ ఏడు, అంటే అరవై తొమ్మిదిలో, వేసవంతా ఊరు ప్రత్యేక తెలంగాణ రాష్ట్రం కోసం అట్టుడికింది. చలికాలానికి కాస్త నెమ్మదించినా, గోడల మీద రాతలు అలాగే ఉన్నాయి. వాటిలో మావాళ్ళను వెళ్ళిపొమ్మనేవే ఎక్కువ. అప్పుడే దిగినవాణ్ణి, ఇంకా పెట్టె కూడా కింద పెట్టలేదు. రిక్షా ఎక్కి వీలైనంత తక్కువ మాట్లాడదామని నిశ్చయించుకున్నాను. కానీ “నారాయణగూడ వెళ్ళాలండి” అన్న ఒక్క ముక్కలోనే నా జిల్లా, తాలూకా తెలిసిపోయాయి.

“ఆంధ్రనా సారూ?” అన్నాడు రిక్షా అతను, వెనక్కి తిరక్కుండా.

“అవునండి.”

“నౌకరికొచ్చిండ్రా?”

“లేదండి. ఒక పాత ఫైటింగు సినిమా ముక్క చూడ్డానికి.”

అతను తొక్కడం ఆపి వెనక్కి తిరిగాడు. నన్ను, నా గొడుగును, నా పెట్టెను చూశాడు. “గా మాట అందరికీ చెప్పుండ్రి సారూ. మిమ్మల్ని ఎవ్వలు ఏమనరు,” అని మళ్ళీ తొక్కాడు.

విద్యార్థుల హాస్టలు పక్కన ఒక గదిలో దిగి, మూలమీద ఇరానీ హోటలుకు వెళ్ళాను. మా వైపు కాఫీ అడిగితే కాఫీయే ఇస్తారు. ఇక్కడ కాఫీ అడిగితే చాయ్ ఇచ్చి, అడక్కుండానే ఒక పళ్ళెం నిండా బిస్కట్లు, సమోసాలు తెచ్చి బల్లమీద పెట్టారు. కొత్తవాడికి ఎంత మర్యాద అనుకున్నాను. మిగిలిస్తే మనసు కష్టపెట్టుకుంటారేమోనని, గొడవల రోజులు కదా, కష్టపడి మొత్తం తినేశాను. బిల్లు వచ్చాక తెలిసింది. పళ్ళెం అందరి ముందూ పెడతారట, తిన్నవాటికే లెక్క కడతారట, మామూలు మనిషి ఒకటి రెండు తింటాడట. చాయ్ పదిహేను పైసలు. నా మర్యాద దానికి పన్నెండింతలు.

గల్లాపెట్టె దగ్గర పెద్దాయన చిల్లర ఇస్తూ, “రాత్రికి ఖానా వద్దు మీకు,” అన్నాడు. నిజమే, వద్దయింది.

అశోక్‌నగర్: పదకొండు డబ్బాలు

సత్తయ్యగారి ఇల్లు మురుగుకాలవ నాలా వైపు దిగే సందులో, ఒక మేడ వెనక ఉన్న రెండు గదుల వాటా. గుమ్మం దగ్గర తడబడుతుంటే లోపల్నుంచి కేక వినిపించింది.

“ఏంది సారూ, గట్ల నిలబడ్డవ్? అమలాపురమా? జల్ది రా. పొద్దటి సంది చూస్తున్న.”

మనిషి సన్నగా, కర్రలా ఉన్నాడు. కుడిచేతి వేళ్ళ కొసలు నల్లబడి ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు ఫిలిం ముక్కలకు అతుకులు వేసిన చెయ్యి. మంచం కింద పదకొండు రేకు డబ్బాలు. పైన తడి గోనెపట్టా కప్పి ఉంది.

ఆయన భార్య నర్సమ్మగారు సర్వపిండి పెట్టారు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకు ఒత్తి కాల్చిన రొట్టె.

“మీ దిక్కు ఉంటదా గిది?”

“ఉంటుందండి. తపాలచెక్క అంటాం.”

“గిన్నె గదే, పిండి గదే. పేరే వేరా?” అని ఆవిడ నవ్వి ఇంకో ముక్క వేశారు. గోడల మీద రాతలు రాసినవాళ్ళకూ, మా వైపు వాటికి జవాబులు రాసేవాళ్ళకూ ఈ ముక్క పెట్టాలనిపించింది.

అసలు సంగతి అప్పుడు తెలిసింది. ఆ పాతరకం ఫిలిం గడ్డివాములా అంటుకుంటుంది. ముందు మేడలో ఉండే ఇంటాయనది కాకినాడ, ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు ఆ సంగతి ఈమధ్యనే తెలిసి నిద్ర పోయింది. “ఇల్లైనా ఖాళీ చెయ్యి, డబ్బాలైనా ఖాళీ చెయ్యి. సోమవారం ఆఖరు,” అన్నారట.

“ఆయన తప్పేం లేదు సారూ,” అన్నారు సత్తయ్యగారు. “పిల్లలున్న ఇల్లు. నాకే బుగులైతది ఒక్కోపారి. కానీ ఏడ పెట్టాలె? నా పానం పదకొండు డబ్బాలల్ల ఉన్నది.”

“ఎవరైనా దాచేవాళ్ళు లేరాండీ?”

“నారాయణగూడల చదువుకున్నోళ్ళ సినిమా క్లబ్బు ఉన్నది. ఇనుప బీరువా, చల్లటి గది, అన్నీ ఉన్నయి. నేను పోతే గేటు కాడ్నే ఆపిండ్రు. నువ్వు సారువి. నీ మాట ఇంటరు.”

నా మాట మా ఇంట్లోనే వినరు. అయినా సరేనన్నాను.

మళ్ళీ నారాయణగూడ: గొడుగు

క్లబ్బు మేడమీద ఉంది. గోడలకు విదేశీ చిత్రాల బొమ్మలు. కార్యదర్శిగారు కాలేజీ లెక్చరరు, ఎంతో మర్యాదస్తులు. నాకు కాఫీ తెప్పించారు. నిజమైన కాఫీ. శ్రద్ధగా విన్నారు. నాకు ఆశ పుట్టింది.

“చాలా ఆసక్తిగా ఉంది మాస్టారూ. కానీ మేము కళాత్మక చిత్రాలు మాత్రమే భద్రపరుస్తాం.”

గోడమీద ఒక జపాను బొమ్మ చూపించాను. రెండు చేతులా కత్తి పట్టుకుని ఒక మనిషి గడ్డిలో నిలబడి ఉన్నాడు. “ఇదేమిటండి?”

“అది వేరు. అందులో ఆ జాతి ఆత్మ ఉంది. ఆ నిశ్శబ్దం చూడండి. మీరు చెప్పేది మరి... డేరాల్లో ఈలలు వేయించుకోడానికి తీసిన స్టంటు.”

“ఔనండి,” అన్నాను. ఏం చెప్పమంటారు? నేను ఔనండి అనే రకం. నమస్కారం పెట్టి మెట్లు దిగాను.

ఆఖరి మెట్టు మీద నాకు కోపం వచ్చింది. నా కోపం కూడా మా ఊరి బస్సులాగే, జనం అందరూ వెళ్ళిపోయాక వస్తుంది. కానీ ఈసారి వదలదల్చుకోలేదు. మళ్ళీ మెట్లెక్కాను.

“కార్యదర్శిగారూ, కత్తి జపానుదైతే కళ, కర్ర మనదైతే కలకలమా? ఆ జపానాయన కూడా డబ్బిచ్చి టిక్కెట్టు కొన్నవాళ్ళ కోసమే దూకాడు. అక్కడా ఈలలు వేసే ఉంటారు. మా ముసలాయన ఆరుగుర్ని కొట్టి, వాళ్ళ చెప్పులు వాళ్ళకు పెట్టి వెళ్ళాడు. అందులో ఆత్మ ఎక్కడుందో కనపడకపోతే లోపం ఫిలింలో లేదు. మాది చెత్తే అనుకోండి. మా చెత్తను మేమే దాచుకుంటాం.”

ఇంత పొడుగు వాక్యాలు నేను పెద్దవాళ్ళ ముందు ఎన్నడూ మాట్లాడలేదు. ఆయన నిదానంగా లేచి, కుర్చీకి తగిలించి ఉన్న నా గొడుగు తెచ్చి ఇచ్చారు. నేను దానికోసమే వచ్చాననుకున్నారు పాపం.

గొడుగు తీసుకున్నాను. బయట ఎండ కాస్తున్నా వేసుకుని, నారాయణగూడ బజారు మధ్యలోంచి దర్జాగా నడిచాను. బీరువా మాత్రం దొరకలేదు.

అశోక్‌నగర్, ఆదివారం: అద్దం

పదకొండింటికి సత్తయ్యగారి గది కిటికీలకు దుప్పట్లు కట్టాం. ఆయన దగ్గర డేరా రోజుల నాటి పాత ప్రొజెక్టరు మిషను తల ఒకటుంది, చేత్తో తిప్పేది. దీపం పెడితే వేడికి ఫిలిం అంటుకుంటుందని భయం. అందుకని దీపం బదులు సూర్యుణ్ణి పెట్టారు. పెరట్లో ఒకరు నిలువుటద్దం పట్టుకుని ఎండను కిటికీ కన్నంలోంచి మిషను మీదికి కొట్టాలి. లోపల గోడమీద బొమ్మ పడుతుంది. అద్దం నర్సమ్మగారు పట్టుకున్నారు.

మొదలుపెట్టబోతుంటే ఇంటాయన పరుగున వచ్చారు.

“సత్తయ్యా! ఏమిటిది? చెప్పానా లేదా నీకు?”

“దీపం లేదు సారూ. అగ్గిపుల్ల సుత లేదు. ఎండనే. ఎండకు మీ పర్మిషన్ కావాల్నా?”

ఇంటాయన పెరడంతా పరిశీలించారు. అద్దాన్ని చూశారు. వెలుగు కన్నం తప్పి గోడమీద వణుకుతోంది. ఇంజనీరుగారికి అది భరించరానిదైంది. “అలా పట్టుకుంటే ఎలాగమ్మా? కోణం చూసుకోవద్దూ? ఇలా ఇవ్వండి. నేనేం సాయం చెయ్యడం లేదు. ప్రమాదం జరక్కుండా చూస్తున్నానంతే.”

అలా అద్దం ఆయన చేతికి వెళ్ళింది. వెలుగు గీత గీసినట్టు వచ్చి నిలిచింది. సత్తయ్యగారు మిషను తిప్పారు.

వంతెన. తెల్లమీసాలు. కర్ర.

ఏం రాయను? శబ్దం లేదు. సత్తయ్యగారే నోటితో “ఠప్! ఠప్!” అంటున్నారు. ఆ ముసలాయన ముందు ఎవర్నీ కొట్టడు. వచ్చినవాడి కత్తిని కర్రతో పక్కకు జరుపుతాడు, దారిలో అడ్డొచ్చిన కుర్చీని జరిపినట్టు. ఆరుగురూ పడ్డాక వంగి చెప్పులు ఏరాడు. ఐదు జతలు సరిపోయాయి. ఆరోవాడి దగ్గర ఆగి, ఏటివైపు చూసి, తన చెప్పు విప్పాడు. నేను కల్పించలేదు. అన్నీ ఉన్నాయి. నా పన్నెండేళ్ళ కళ్ళు అబద్ధం చెప్పలేదు.

అంతలో నా ముప్ఫైనాలుగేళ్ళ కళ్ళు ఒక నిజం చెప్పాయి. ఋజువుకోసం ‘పుల్ కా పహిల్వాన్’ పాటల పుస్తకం తెచ్చుకున్నాను. దాని అట్టమీద ఉన్నది ఇనుప వంతెన. గోడమీద కనిపించింది చెక్క వంతెన. రోజూ పిల్లలకు వంతెనలు గీయించే డ్రాయింగు మాస్టారిని, ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

“సత్తయ్యగారూ, ఇది ఆ సినిమా కాదు!”

ఆయన మిషను ఆపి పకపకా నవ్వారు. “ఎట్లయితది సారూ? రజాకార్ల గొడవప్పుడు ఈడికెళ్ళి మీ దిక్కొచ్చిన. డేరా కంపెనీల ఆపరేటర్ని. బెజవాడల పాత ఫిలిం అమ్మేటోని కాడ కరాబైన రీలొకటి దొరికింది. పేరు లేదు, ముందు లేదు, ఎనక లేదు. గీ నాలుగు నిముషాలే సాఫ్‌గ ఉండె. ఏ సినిమాల జనం బీడీలకు లేస్తరో, గాడ దీన్ని అతికిస్తుంటి. మీ ఊర్ల గా పహిల్వాన్ సినిమా గంటకే నిద్రొచ్చేది. గందుకే అతికిచ్చిన. నువ్వు చూసింది నా అతుకు.”

“మరి హనుమంతరావుగారు...”

“గాయన ఊరికి నేను పోలే. గాయన చూసిన దాంట్ల ఎట్లుంటది?”

అంటే ఆయనా నిజమే చెప్పారు. నేనూ నిజమే చెప్పాను. ఇన్నేళ్ళూ ఉన్న సినిమాలో లేని ఫైటు కోసం వెతికాను. తర్వాత అనుకున్నాను: అయితే ఏమిటి? ఏ సినిమాకూ చెందకపోతే మరీ మంచిది. ఎవరి అనుమతీ అడక్కుండా వచ్చి, పనిచేసి, తన చెప్పు ఇచ్చి పోయే మనిషికి పేరెందుకు?

బయట్నుంచి ఇంటాయన కేక వేశారు. “అయిపోయిందా? ఇక్కడ చేతులు పడిపోతున్నాయి. లోపల ఏం జరిగిందో చెప్పేవాడు లేడు!”

రెండో ఆటకు అద్దం నేను పట్టుకున్నాను. ఆయన లోపల కూర్చున్నారు. బయటికొచ్చి, తన చెప్పులు తొడుక్కుంటూ, “ఒక చెప్పుతో ఎంతదూరం నడిచి ఉంటాడయ్యా?” అన్నారు. వెంటనే గొంతు సవరించుకుని, “రేపు డబ్బాలు మాత్రం ఉండకూడదు,” అన్నారు.

చిక్కడపల్లి, సోమవారం: అతుకు

పొద్దున వెండి తీసేవాడు తోపుడుబండితో వచ్చాడు. పది డబ్బాలు ఎక్కాయి. సత్తయ్యగారు అటు చూడకుండా గోడకేసి తిరిగి కూర్చున్నారు. బండివాడు “పదకొండన్నరు?” అని అడిగాడు.

“పదే,” అన్నారు సత్తయ్యగారు. “ఒకటి లెక్క తప్పిన.”

మధ్యాహ్నం సత్తయ్యగారు నన్ను చిక్కడపల్లి తీసుకెళ్ళారు. చేతిలో టిఫిను డబ్బా, దానికి తడి తువ్వాలు చుట్టి ఉంది. ఏ హాలో రాయను. రాస్తే అక్కడి ఆపరేటరు ఉద్యోగం ఊడుతుంది. ఆ ఆపరేటరు యాదగిరి, నలభై ఏళ్ళవాడు, సత్తయ్యగారి శిష్యుడు. వెనకమెట్ల మీద ఇద్దరి మాటలూ విన్నాను.

“తాతా, పరేషాన్ చేస్తున్నవ్. వేడికి అంటుకోకుంట మా మిషనుకు కట్టుదిట్టం ఉన్నది గానీ, మేనేజర్ చూస్తే?”

“మీ మేనేజర్ ఏనాడన్న లోపలికి పోయి సినిమా చూసిండా?”

“లేదు గానీ...”

“నీకు అతుకేసుడు నేర్పింది ఎవరు?”

యాదగిరి కాసేపు తల గోక్కున్నాడు. “నువ్వే. ఇగ తే.”

ఆడుతున్నది కుటుంబ చిత్రం. కథానాయికకు కష్టాలు, అత్తకు కోపం, అందరికీ ముక్కు చీదుళ్ళు. నేను బెంచీ క్లాసులో సత్తయ్యగారి పక్కన కూర్చున్నాను. గంట దాటింది. కథానాయిక స్తంభాన్ని పట్టుకుని మూడోసారి ఏడవబోతోంది. మా ముందు వరసలో ఇద్దరు బీడీలు తీస్తూ లేచారు.

“చూడు సారూ,” అన్నారు సత్తయ్యగారు నా మోచెయ్యి పట్టుకుని. “లేసేటోళ్ళు కూసుంటరు.”

తెరమీద ఒక్క గీత మెరిసింది. స్తంభం పోయింది. వంతెన వచ్చింది.

హాలు ఒక్క క్షణం నోరు తెరుచుకుంది. తర్వాత మొదలైన ఈలలకు రేకులు ఎగిరిపోతాయనుకున్నాను. ఇరవై రెండేళ్ళ తర్వాత ఆ ఫైటు శబ్దం వినబోతున్నానని చెవులు రిక్కించుకున్నాను. వినపడితే ఒట్టు. లేచిన ఇద్దరూ కూర్చున్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో “కొట్టు తాతా!” అని అరిచారు. “ఎవడ్రా గాయన? ఇంతసేపు ఏడ దాసిండ్రు?” అన్నాడు ముందు వరసలో బీడీ మనిషి. “హీరోయిన్ నాయిన అయ్యుంటడు,” అన్నాడు రెండోవాడు.

కానీ ముసలాయన వంగి చెప్పులు ఏరడం మొదలుపెట్టగానే హాలంతా సద్దుమణిగింది. ఎవరూ చెప్పకుండానే. తన చెప్పు విప్పేటప్పుడు ఆ రెండు మూడొందల మందిలో ఒక్క దగ్గు లేదు. కార్యదర్శిగారూ, మీరు చెప్పిన నిశ్శబ్దం ఇదే. బెంచీ క్లాసులోనూ దొరుకుతుంది.

మళ్ళీ గీత మెరిసింది. కథానాయిక ఏడుపు అందుకుంది. ఎవరూ లేచిపోలేదు; ముసలాయన మళ్ళీ వస్తాడని ఆఖరిదాకా కూర్చున్నారు. నేను పక్కకు తిరిగాను. సత్తయ్యగారు తెరను చూడటం లేదు. వెనక్కి తిరిగి, జనం మొహాలు చూస్తున్నారు.

బయటికొచ్చాక, “ఇంట్ల పెట్టొద్దన్నరు. బీరువల మేం పెట్టం అన్నరు. గిది పెట్టేది గీడనే సారూ,” అన్నారాయన. “యాదగిరికి జెప్పిన. ఈ సినిమా డబ్బా ఏ ఊరికి పోతే గా ఊరికి పోతది. గాడుండే ఆపరేటర్ తెలివైనోడైతే పీకి ఇంకో దాంట్ల ఏస్తడు.”

ఇంటికొచ్చి గుంతకల్లుకు కార్డే రాశాను, కవరు కాదు. “ఆర్యా, తమరు చెప్పినది నిజము. నేను చెప్పినదియు నిజము. వివరములు కలిసినపుడు చెప్పెదను.” పోస్టుమాన్ చదువుతాడు, ప్యూను చదువుతాడు. చదవనివ్వండి.

ఆ నాలుగు నిమిషాలు ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నాయో నాకు తెలియదు. ఏ ఊళ్ళోనైనా, ఏ ఏడుపు చిత్రంలోనైనా, కథతో సంబంధం లేకుండా తెల్లమీసాల ముసలాయన ఒకడు కర్ర పట్టుకుని వంతెన ఎక్కితే, బీడీ కోసం లేవకండి. చెప్పులు పెట్టేదాకా కూర్చోండి.